ఒక్క తలుపుకు రెండు రిబ్బన్లు

మా దవాఖానల ఐదు మిషన్లు ఉండె. పదిహేను నెలలు నేను వాటి మీది దుమ్ము తుడిచిన. రోజు తడిబట్టతోని, శనివారం మందునీళ్లతోని. పదిహేను నెలలల్ల ఒక్క మనిషి రక్తం కూడ వాటిల్లకెల్లి పోలే. కిడ్నీలు ఖరాబైనోళ్లకు రక్తం కడిగే మిషన్లు అవి. డయాలసిస్ అంటరు గదా, గవి.

నేను మా మండలం సర్కార్ దవాఖానల ఆయమ్మను. మాది మోత్కూరు దిక్కు. ఊడ్సుడు, కడుగుడు, పొద్దుగాల తాళాలు తీసుడు, మాపటికి ఏసుడు నా పని. ఐదో తరగతి దాక సదివిన. ఇంత పొడుగు రాసుడు ఇదే మొదలు. ఎక్కడ షురూ చెయ్యాల్నో తెల్వక మూడుసార్లు రాసి చింపిన. తప్పులుంటే జర సర్దుకోండ్రి. ఆఖరికి మిషన్ల కాడికెల్లే షురూ చేసిన, నాకు కోపం మొదలైంది ఆడికెల్లే కాబట్టి.

మిషన్లు వచ్చిన రెండో నెలల మా తమ్మునికి కిడ్నీలు పోయినయని తెలిసింది.

మా తమ్ముడు నాకంటె ఏడేండ్లు చిన్న. మేము గొర్లు కాసేటోళ్లం. మా బాపు గొర్లే కాసిండు, తమ్ముడు గొర్లే కాసిండు. ఎండకాలం మందను తోలుకొని కృష్ణ ఒడ్డు దాక పోయేటోడు, వానలు పడ్డంక వచ్చేటోడు. దినాం నడుసుడే గదా, మోకాళ్లు గుంజేవి. ఊర్లె ఆరెంపీ డాక్టర్ నొప్పుల గోలీలు ఇచ్చేటోడు. మంద ఎంబడి పోయేటప్పుడు రొట్టెలు మర్చిపోయినా పోయేటోడు గని గోలీలు మర్చిపోకపోతుండె. గట్ల ఎన్నేండ్లు మింగిండో. మొకం ఉబ్బింది, కాళ్లు ఉబ్బినయి, నడిఎండల గూడ చలి అనెటోడు. నల్లగొండ తీస్కపోయి చూపిస్తే, రెండు కిడ్నీలు పనిచేస్తలేవు, వారానికి మూడుసార్లు రక్తం కడగాలె అన్నరు.

నిజం చెప్పాలె, పైసలు అడగలే. నల్లగొండల ఫ్రీగనే చేసిన్రు. బస్సు పాసు గూడ ఇచ్చిన్రు. కానీ పోవాలె గదా. తెల్లారకముందే లేచి ఆటోల మండలానికి, ఆడికెల్లి నకిరేకల్, నకిరేకల్ల బస్సు మారి నల్లగొండ. ఆడ నాలుగు గంటలు మిషన్ కాడ. మల్ల అదే తొవ్వ ఎనుకకు. ఇంటికి వచ్చేసరికి మనిషి పిండేసిన బట్ట లెక్క ఉండెటోడు. ఒక దినం పండుకునుడు, ఒక దినం పోవుడు. మరి గొర్లను ఎవరు కాస్తరు? మా మరదలు, తమ్ముని పెండ్లాం, కాసింది, పిల్లలిద్దరిని బాపు కాడ ఇడిచిపెట్టి.

నీళ్లు గూడ కొలిచి తాగాలె. దినానికి రెండు గ్లాసులు, అంతే. వాగు ఇసుకల చెలిమె కనపడితే బొర్ల పండుకొని తాగినోడు వాడు. దూప ఆగకపోతే నీళ్లు నోట్లె పోసుకొని, పుక్కిలించి, ఉమ్మేసేటోడు. ఉమ్మేసినంక మట్టిల ఇంకిపోయేదాక వాటినే చూసేటోడు. నాకు ఆడ నిలబడబుద్ధి కాకపోతుండె.

నల్లగొండ నుంచి వచ్చేటప్పుడు ఆటో దొరికేదాక మా దవాఖాన మెట్ల మీద కూసునేటోడు.

"అక్కా, మీ మిషన్లు ఇంక నిద్ర లేవలేదా?"

"లేస్తయి. వచ్చే నెల అంటున్నరు."

"అవి లేసేసరికి నేను పండుకుంటనేమో."

"నోరు మూస్కో" అని చేతిల ఉన్న తుడిచే బట్టతోని ఒక్కటేసిన. నవ్విండు.

తలుపు ఎందుకు తెరవలేదో నాకు తెలిసినంత చెప్త. మిషన్లు ఢిల్లీ సర్కారు ఇచ్చింది, ఎంపీ తెచ్చిండు. మిషన్లు పెట్టే అర్ర, కరెంటు, నీళ్లు శుద్ధి చేసే ప్లాంటు, మిషన్ నడిపేటోళ్ల జీతాలు రాష్ట్రం సర్కారు ఇయ్యాలె, అవి ఎమ్మెల్యే చేతుల ఉన్నయి. ఎంపీది ఒక పార్టీ, ఎమ్మెల్యేది ఇంకో పార్టీ. మిషన్లు మావి, బోర్డు మీద మా ఆరోగ్య కార్డు పేరు రాయాలె, మా పెద్దాయన ఫోటో పెట్టాలె అని ఎంపీ మనుషులు. గోడలు మావి, జీతాలు మావి, మా కార్డు పేరే రాయాలె అని ఎమ్మెల్యే మనుషులు. ఢిల్లీ కార్డు మంచిదా హైదరాబాదు కార్డు మంచిదా అని టీవీలల్ల పెద్దపెద్దోళ్లు తిట్టుకునేటోళ్లు. అదే లొల్లి మా మండలం దవాఖాన గోడ దాక వచ్చింది. రెండూ కలిపి నడిపితే ఏం పోతదని ఒక్కడన్న అనకపాయె. ప్లాంటు ఎందుకు బిగిస్తలేరు అంటే వాళ్లను అడుగు అని వీళ్లు, వీళ్లను అడుగు అని వాళ్లు.

ఒకసారి ఎమ్మెల్యే మనుషులు బోర్డు కొట్టిన్రు. తెల్లారి ఎంపీ మనుషులు పీకిన్రు. మల్లోసారి ఎంపీయే వచ్చిండు. కత్తెర, రిబ్బను, పళ్లెం అన్నీ తెచ్చుకున్నరు. ఆ దినం మా డాక్టర్ మేడం మీటింగుకు పోయింది. తాళంచెవి నా కొంగుకు ఉండె.

"తాళం తియ్యమ్మా" అన్నడు ఎంపీ ఎంబడి వచ్చినోడు ఒకడు.

"మేడం చెప్పంది తియ్యరాదు అన్నా."

"నీ తమ్ముడే పేషెంటట గదా. నీకే సోయి లేకపాయె! తియ్యి, రేపే షురూ అయితది."

నాకు తియ్యబుద్ధయింది. చెయ్యి కొంగు మీదికి పోయింది గూడ.

"తీస్తే మిషన్ ఎవరు నడుపుతరు అన్నా?"

"అది రాష్ట్రపోళ్లను అడుగు."

"మరి రేపెట్ల షురూ అయితది?"

"మస్తు మాట్లాడుతున్నవే. ఎమ్మెల్యే మనిషివా?"

కొద్దిసేపు జిందాబాదులు కొట్టి, రిబ్బను మడిచి జేబుల పెట్టుకొని పోయిన్రు. తెల్లారి ఎమ్మెల్యే మనుషులు వచ్చి "ఎంపీ వస్తే కుర్చీ ఎందుకేసినవ్?" అని నన్నే తిట్టిన్రు. వచ్చిన మనిషికి కుర్చీ ఏసుడు గూడ పార్టీ పనేనట.

మా ఇంటాయన ఎమ్మెల్యే పార్టీల తిరుగుతడు. ఇంట్ల అన్నం కాడ నేను మిషన్ల ముచ్చట తీస్తే "అంతా ఢిల్లోళ్లే ఆపిన్రు" అనెటోడు. మా మరదలి అన్న ఎంపీ పార్టీ దిక్కు. ఆయనొచ్చి "మీ ఎమ్మెల్యే వల్లనే మా బావకు గీ గతి" అనెటోడు. తమ్ముడు మంచం మీద పండుకొని ఇద్దరి దిక్కు చూసేటోడు. ఒకసారి అన్నడు, "బావా, మీరిద్దరు బయటికి పోయి కొట్లాడుకోండ్రి, నాకు ఊపిరాడుతలేదు."

గప్పుడు మా బాపు ఒక మాటన్నడు. "ఇద్దరిని గొంగడి మీద కూసోబెడదాం" అన్నడు.

మా గొర్లోళ్లల్ల ఉన్న పద్ధతి అది. రెండు మందలు కలిసిపోయినా, మేత కాడ తగువైనా, నడుమ నల్ల గొంగడి పరిచి ఇద్దరిని కూసోబెడుతరు. చెప్పులు బయట ఇడవాలె. గొంగడి మీద అయ్యా, దొర అనేది ఉండది, అందరు సమానం. మాట తెగేదాక లేవొద్దు. అన్నిటికన్న పెద్ద కట్టు ఇంకోటున్నది. లేచినంక ఎవరు తగ్గిన్రు, ఎవరు నెగ్గిన్రు అని బయట ఎక్కడా చెప్పొద్దు. పెండ్లాంతోని గూడ చెప్పొద్దు. చెప్పినోడు మందకు ఒక గొర్రె దండుగు కట్టాలె. మా బాపు చేతుల మీద గట్ల ఎన్ని తగువులు తెగినయో లెక్క లేదు. తగ్గినోని పరువు పోదు గదా, అందుకే తగ్గుతరు.

ఎలక్షన్లు దగ్గరికొచ్చినయి. మా గొర్లోళ్ల ఓట్లు ఆ చుట్టుపక్కల మస్తు. గందుకే ఇద్దరు వస్తమన్నరు. ఇద్దరు వచ్చిన్రు గూడ. ఒక ఆదివారం పొద్దుగాల, మా గొర్ల దొడ్డి ముందట. తెల్ల బట్టలు నల్ల గొంగడి మీద. ఎమ్మెల్యే పద్మాసనం ఏసుకుంట పడబోయిండు. ఎంపీకి మోకాలు వంగకపోతుండె.

బాపు వాళ్ల నడుమ కూసున్నడు. "బిడ్డా" అన్నడు ఎమ్మెల్యేను. మా ఇంటాయన మొకం మాడింది, ఎమ్మెల్యేను బిడ్డా అంటరా అని. బాపు చూడలే. "బిడ్డా, ఒక్క ముచ్చట చెప్పు. మా వాడు చస్తే నీకు లాభమా?"

"అయ్యో, గదేం మాట పెద్దాయనా."

"నీకు లాభమా?" అని ఎంపీని అడిగిండు.

"ఎట్ల లాభమైతది?"

"ఇద్దరికి లాభం లేదు గదా. మరి తలుపు మూసి ఎవరి కోసం కూసున్నరు?"

గంటన్నర పట్టింది. బోర్డు మీద రెండు కార్డుల పేర్లు పక్కపక్కన రాయాలె. ఫోటోలు ఎవరియి వద్దు. ప్లాంటు పది దినాలల్ల ఎమ్మెల్యే బిగించాలె. రిబ్బను ఇద్దరు ఒకే కత్తెర పట్టుకొని కత్తిరించాలె. ఎంపీ ఫోటో ఇడిచిపెట్టిండు, ఎమ్మెల్యే కార్డు పేరు మీద మొండితనం ఇడిచిపెట్టిండు. తమ్ముడు దొడ్డి గోడకు ఒరిగి ఇంటుండె. అందరు లేచినంక నా దిక్కు చూసి వేళ్ల మీద లెక్కపెట్టిండు, పది. ఆ దినం ఇంట్ల అందరం ఒక్కకాడ తిన్నం.

బాపుకు ఒకటి తెల్వకపాయె. మాకెవ్వరికి ఆ సోయి లేకపాయె. చెప్పులు ఇడిపించినం గని ఫోన్లు ఇడిపియ్యలే.

మాపటికే ఊరంత ఫోన్లల్ల వీడియో. ఎంపీ ఫోటో ఇడిచిపెడుత అన్న ముక్క ఒక్కటే కత్తిరించి పెట్టిన్రు, కింద "ఎమ్మెల్యే కాళ్ల కాడికి దిగొచ్చిన ఎంపీ" అని రాసిన్రు. తీసింది ఎవరో కాదు, మా ఇంటాయనే. ఫోన్ అంగీ జేబుల నిలబెట్టి తీసిండట. తెల్లారి ఎంపీ ప్రెస్సోళ్లను పిలిచి, "తప్పు ఒప్పుకున్నది ఎమ్మెల్యే, మా కార్డు పేరు పెడుతనని గొంగడి మీద బతిమిలాడిండు" అన్నడు. దానికి ఎమ్మెల్యే, "నేను ఏ ఒప్పందం చెయ్యలే, ముసలాయన పిలిస్తే మర్యాదకు పోయిన" అన్నడు. రెండు దినాలల్ల అంతా బుగ్గిపాలు.

బాపు మా ఇంటికి వచ్చిండు. గడప లోపలికి రాలే. "అల్లుడా, దండుగు గొర్రె తోలు" అన్నడు.

మా ఇంటాయన నవ్విండు. "మామా, ఏ కాలంల ఉన్నవ్? నేను పెట్టకపోతే వాళ్లు పెడుతుండె. ముందు ఎవరు పెడితే వాళ్లదే నడుస్తది."

బాపు గడప కాడికెల్లే మర్లిపోయిండు. నేను మా ఇంటాయనను అనరాని మాటలన్న. ఏమన్ననో ఇక్కడ రాస్తే బాగుండది. పిల్లలు సదువుతరు.

ఆ తర్వాత ఇంక ఎక్కువైంది. ఎవరికి వాళ్లు డయాలసిస్ తెరవాలె అని ధర్నాలు. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వకపోతుండె. మూసిన ఇద్దరే తెరువుమని అరుస్తున్నరు.

ఒక సోమవారం తమ్మునికి నడుస్తుంటే దమ్మొస్తుండె, గందుకని నేను సెలవు పెట్టి ఎంబడి పోయిన. మండలం దాటి మూడు కిలోమీటర్లు పోంగనే బస్సు ఆగింది. ముందట రాస్తారోకో. ఎంపీ పార్టోళ్లు తొవ్వ మీద టెంటేసి కూసున్నరు. కొద్దిసేపటికి ఎమ్మెల్యే పార్టోళ్లు గూడ జెండాలు పట్టుకొని వచ్చి, ఎదురుంగ కూసున్నరు. రెండు దిక్కుల ఒకటే నినాదం, "డయాలసిస్ సెంటర్ వెంటనే తెరవాలె!" ఆ తర్వాతదే వేరు. ఒకరు రాష్ట్రం డౌన్ డౌన్, ఒకరు ఢిల్లీ డౌన్ డౌన్.

నేను బస్సు దిగి ఉరికిన. "అన్నా, బస్సుల డయాలసిస్ పేషెంటు ఉన్నడు. నల్లగొండ పోవాలె, జర తొవ్వ ఇయ్యండ్రి."

మెడల కండువా ఉన్న ఒకడు నాకు దండం పెట్టి అన్నడు, "అమ్మా, పేషెంట్ల కోసమే గదా మేం కూసున్నది. జర ఓపిక పట్టు."

ఇంకొకడు ఉరికొచ్చి, "పేషెంటునా? ఏడ ఉన్నడు? దింపుండ్రి, ప్రెస్సోళ్ల ముందట కూసోబెడదాం" అన్నడు.

నేను బస్సు దిక్కు చూసిన. తమ్ముడు కిటికీలకెల్లి చెయ్యి ఊపిండు, వద్దన్నట్టు. అటు దిక్కు గుంపుల మా ఇంటాయన నిలబడ్డడు. నన్ను చూసిండు. జెండా కిందికి దించిండు. కానీ ఆ జాగల నుంచి జరగలే.

గంట దాటింది. తమ్ముడు కూసోలేక, పండుకోలేక, ముందటి సీటు మీద తలకాయ పెట్టి గాలి గుంజుతుండు. ఎనుకకెల్లి వచ్చిన ఆటోల ఏసుకొని మా దవాఖానకే మర్లిన. మేడం ఆక్సిజన్ పెట్టింది, సూదులిచ్చింది. "ఊపిరితిత్తుల్ల నీళ్లు నిండినయి, ఇప్పుడే రక్తం కడగాలె" అన్నది. నేను పోయి ఆ అర్ర తలుపు తీసిన.

"మేడం, మిషన్లు ఉన్నయి గదా."

"నీళ్ల ప్లాంటు లేదు, నడిపేటోళ్లు లేరు. ఎట్ల పెట్టాలమ్మా నేను?" అని ఆమె గూడ ఏడ్సింది.

అంబులెన్సుకు ఫోన్ చేసిన్రు. అది గూడ అదే తొవ్వల రావాలె గదా. వచ్చేదాక తమ్ముణ్ణి వరండాల మంచం మీద పండవెట్టినం, తెరిచిన తలుపు ఎదురుంగ. లోపల మిషన్ల దిక్కు చూసిండు. నోటి మీది మాస్కు జర పక్కకు జరిపి అన్నడు.

"మస్తు సాఫుగ ఉంచినవ్ అక్కా."

నకిరేకల్ రాకముందే అంబులెన్సుల పానం పోయింది. పగలు రెండింటికి. చేతి మీద డయాలసిస్ సూది గుచ్చే నరం ఉంటది, అది ఎప్పుడూ గుర్రుమని కొట్టుకునేది. నేను దాని మీదనే చెయ్యి పెట్టుకొని కూసున్న. అది ఆగింది, గట్లనే నాకు తెలిసింది.

మూడో దినం ఎమ్మెల్యే పూలదండ పట్టుకొని వచ్చిండు. ఐదో దినం ఎంపీ వచ్చిండు. ఇద్దరి ఎంబడి కెమెరాలు. "అవతలోళ్లే చంపిన్రు" అని ఇద్దరు అన్నరు, మా వాకిట్లనే నిలబడి. మా మరదలు ఒక్కసారి గూడ బయటికి రాలే.

మా ఇంటాయనతోని నేను మూడు నెలలు మాట్లాడలే. ఆయన వీడియో తీసేసిండట. తీసేస్తే ఏమైతది? ఊరంత చూసినంక. ఆయన చెడ్డోడు కాదు, తమ్ముని పాడె మోసిండు, ఏడ్సిండు. కానీ గిప్పటికి గూడ టీవీ ముందట కూసుంటే, తప్పంతా అవతలోళ్లదే అంటడు. నాకు ఒళ్లు మండుతది.

మనిషి పోయినంక కలెక్టర్ గట్టిగ పట్టిండు. ప్లాంటు బిగిసింది, మిషన్ నడిపే పిల్లగాండ్లు ఇద్దరు వచ్చిన్రు. పదిహేను నెలలు కాని పని పన్నెండు దినాలల్ల అయింది. నడపక నడపక రెండు మిషన్లు ఖరాబైనయి, మూడే మిగిలినయి. రిబ్బను కాడ మాత్రం ఇద్దరు ఒక్కకాడికి రామన్నరు. గందుకని పొద్దుగాల ఎమ్మెల్యేకు, పగటీలి ఎంపీకి అని టైములు పంచిన్రు.

పొద్దుగాల ఎమ్మెల్యే కత్తిరించిండు. నా చేతికి మైకిచ్చి, "చెప్పమ్మా, నీ తమ్ముడు ఎవరి వల్ల పోయిండో నాలుగు మాటలు చెప్పు" అన్నరు. నేను ఎన్నడు మైకు పట్టినదాన్ని కాదు.

"మీ ఇద్దరి వల్ల పోయిండు" అన్న. "ఆ దినం తొవ్వ మీద కూసున్నోళ్లందరి వల్ల పోయిండు. మా ఇంటాయన గూడ అండ్లనే ఉన్నడు." ఇంకేదో అనబోయిన, మైకు బందైంది. కరెంటు పోయిందన్నరు. నెత్తి మీద ఫ్యాను తిరుగుతనే ఉన్నది.

వాళ్లు పోయినంక లోపల మొదటి పేషెంటును పెట్టిన్రు. పక్క ఊరి అవ్వ. ఆమె గూడ నల్లగొండ తిరిగి తిరిగి సగమైంది. నాలుగు గంటల పని. రెండు గంటలు గూడ కాలే, ఎంపీ మనుషులు ముందుగాలనే దిగిన్రు.

"అవ్వను జర లేపుండ్రి. సారు రిబ్బను కత్తిరించినంక మల్ల పెడుదురు. అర్ర ఖాళీగ ఉంటేనే ఓపెనింగ్ అంటరు."

మిషన్ కాడి పిల్లగాడు నా దిక్కు చూసిండు, భయపడ్డడు.

"అన్నా, ఆమె రక్తం మిషన్ల ఉన్నది" అన్న నేను.

"పది నిమిషాలే గదమ్మా."

"పది నిమిషాలు గాదు, పది ఘడియలు ఆగు, నువ్వాగు. ఆమె ఆగది."

"ఏయ్, ఎవరితోని మాట్లాడుతున్నవ్? నౌకరి ఉండాల్నా వద్దా?"

నేను లోపలికి పోయి గొళ్లెం పెట్టిన. తలుపుకు ఈపు ఆనిచ్చి నిలబడ్డ. బయట దబదబ కొట్టిన్రు. తిట్టిన్రు. తర్వాత మెల్లగ గుసగుసలు వినపడ్డయి, ఆ తర్వాత చప్పట్లు. మూసిన తలుపు ముందటనే రిబ్బను కత్తిరించుకున్నట్టున్నరు.

అవ్వ కండ్లు తెరిచింది. "బయట గదేం లొల్లి బిడ్డా?"

"ఏం లేదవ్వా. లీడర్లు. నువ్వు చెయ్యి కదలనియ్యకు."